దక్కను సుల్తానులు, పెనుకొండ రాయలు: ఒక పొరుగు పొత్తు కథ

దక్కను చరిత్రను గురించి మన చదువరులలో ఒక అభిప్రాయం గట్టిగా నాటుకొని ఉన్నది. 1565 జనవరి 23న కృష్ణా తీరాన జరిగిన యుద్ధం, అంటే తళ్ళికోట యుద్ధమనీ రక్కసి తంగడి యుద్ధమనీ పేరుపడ్డ ఆ పోరు, రెండు మతాల మధ్య జరిగిన పోరని ఆ అభిప్రాయం. దానిని తలచుకొని కొందరు గర్విస్తారు, మరి కొందరు గాయపడతారు. గర్వించేవారూ గాయపడేవారూ ఒకే కథను నమ్ముతున్నారు. ఆ కథ నిజమా కాదా అని పరిశీలించడానికి విజయనగర శిథిలాలకంటె పెనుకొండ దుర్గమే అనువైన చోటు.

పెన్నానది ఒడ్డునున్న రొద్దానికి తూర్పుగా, హిందూపురం, ధర్మవరం సీమల నడుమ పెనుకొండ ఉన్నది. యుద్ధంలో ఓడిన రాజ్యానికి ఈ దుర్గమే రాజధాని అయింది. రమారమి పాతికేళ్ళపాటు ఓడిన రాయలు, గెలిచిన సుల్తానులు ఒకరితో ఒకరు ఎలా మెలిగారో ఇక్కడినుంచి స్పష్టంగా కనిపిస్తుంది. మత యుద్ధమే జరిగి ఉంటే ఆ తరువాత ఉండవలసింది శాశ్వత వైరం. కాని జరిగింది వేరు. గెలిచిన రెండేళ్ళలోనే సుల్తానులు పెనుకొండ రాయలతో పొత్తు పెట్టుకొని తమలో తాము పోరాడుకున్నారు.

ఐదు రాజ్యాలు, ఒక పొరుగు

1347లో ఏర్పడిన బహమనీ సల్తనతు పదిహేనవ శతాబ్ది చివర విచ్ఛిన్నమై ఐదు రాజ్యాలుగా చీలిపోయింది. బిజాపూరులో ఆదిల్‌షాహీలు, అహ్మద్‌నగరులో నిజాంషాహీలు, గోల్కొండలో కుతుబ్‌షాహీలు, బీదరులో బరీద్‌షాహీలు, బీరారులో ఇమాద్‌షాహీలు పాలన ప్రారంభించారు. వీరందరికీ పారశీకమే దర్బారు భాష. సైనిక పద్ధతులు, నాణేలు, ఉద్యోగుల బిరుదులు, దర్బారు మర్యాదలు దాదాపు ఒక్కటే. ఒక దర్బారులో కొలువు పోయిన సర్దారు మరుసటి నెల ఇంకొక దర్బారులో చేరేవాడు. సరిహద్దు కోటలకోసం తరచు పోరాడుకున్నా, మొత్తం మీద ఇది ఒకే కుటుంబం వంటి రాజ్యాల సముదాయం.

ఈ సముదాయానికి దక్షిణాన, తుంగభద్రకు ఆవల 1336 ప్రాంతంలో వెలసిన విజయనగరం ఉన్నది. దాని రాజులు వైష్ణవ శైవ దేవాలయాలకు పోషకులు, వర్ణాశ్రమ ధర్మ రక్షకులమని చెప్పుకున్నవారు. అయినప్పటికీ వారు ఉత్తరాదిన ఉన్న దర్బారు లోకానికి వెలిగా ఉండాలని కోరుకోలేదు. పదునాలుగవ శతాబ్దపు శాసనాలలోనే వారు ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు ధరించారు. సురత్రాణుడంటే సుల్తానే. హిందూ రాజులలో సుల్తాను అని దాని అర్థం. శత్రువు మతాన్ని ఈసడించేవాడు శత్రువు బిరుదును తన పేరుకు తగిలించుకోడు.

వేషంలోను ఇదే ధోరణి కనిపిస్తుంది. విజయనగర ప్రభువులు, సర్దారులు దర్బారులో తలకు కుళ్ళాయి, ఒంటికి పొడవాటి కబాయి ధరించేవారు. కుళ్ళాయి పారశీకంలోని ‘కులాహ్’నుంచి, కబాయి అరబ్బీ ‘ఖబా’నుంచి వచ్చిన మాటలు. ఆ ఉడుపులతోపాటు మాటలు కూడా తెలుగులో స్థిరపడ్డాయి. కట్టడాలలోను అంతే. పెనుకొండలో నేటికీ నిలిచి ఉన్న గగనమహలు కమానులలో, గుమ్మటపు తీరులో సుల్తానుల వాస్తుశైలి కలగలిసి ఉన్నది.

సైన్యం సంగతి మరీ ముఖ్యమైనది. రెండవ దేవరాయలు బహమనీలతో యుద్ధాలలో దెబ్బతిన్న పిదప, వారి బలం గుర్రాలలోను విలువిద్యలోను ఉన్నదని గ్రహించి ముస్లిం సిపాయీలను తన కొలువులో చేర్చుకున్నాడు. వారికి మసీదు కట్టించాడనీ, వారు నమస్కరించడానికి ఇబ్బంది పడకుండా తన సింహాసనం ముందు ఖురాను ప్రతిని ఉంచాడనీ ఫిరిష్తా రాశాడు. ఆ రాజు కొలువులోని అహ్మద్ ఖాను 1439లో విజయనగరంలో కట్టించిన మసీదు నేటికీ హంపీలో ఉన్నది. దేవరాయల పుణ్యంకోసం ధర్మశాల కట్టించానని ఆయన శాసనంలో చెప్పుకున్నాడు. నాలుగేళ్ళ తరువాత 1443లో హిరాతు ప్రభువు షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్రజాక్ సమర్ఖందీ ఆ నగరానికి వచ్చి, దాని వైభవాన్ని చూచి ఆశ్చర్యపోయి గ్రంథస్థం చేశాడు.

బిరుదు, వేషం, వాస్తు, సైన్యం, రాయబారం అన్నింటిలోను విజయనగరం సుల్తానుల లోకంలోకి అడుగుపెట్టింది. ఇక మిగిలింది రాజకీయంగా కలవడం. ఆ ప్రయత్నం రామరాయల కాలంలో జరిగింది.

రామరాయల రాజనీతి

అళియ రామరాయలు కృష్ణదేవరాయల అల్లుడు. యౌవనంలో గోల్కొండ స్థాపకుడైన కులీ కుతుబ్‌షా కొలువులో పనిచేశాడని గోల్కొండ చరిత్ర చెబుతున్నది. 1543 ప్రాంతానికి సదాశివరాయలను సింహాసనం మీద ఉంచి అధికారమంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు. సుల్తానుల దర్బారు పద్ధతి, వారి కలహాలు ఆయనకు క్షుణ్ణంగా తెలుసు.

అదే సంవత్సరం గోల్కొండలో జంషీద్ సింహాసనమెక్కగా, అతని తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో విజయనగరం చేరి ఏడేళ్ళు ఆశ్రయం పొందాడు. 1550లో తిరిగి వెళ్ళి గోల్కొండకు సుల్తానయ్యాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా ఈయనే. అద్దంకి గంగాధరకవి, కందుకూరి రుద్రకవి వంటివారు ఆయన ఆదరం పొందారు. ఆ తెలుగు అభిమానం పెరగడంలో విజయనగరంలో గడిపిన ఆ ఏడేళ్ళ పాత్ర లేకపోలేదు.

బిజాపూరుతో సంబంధం ఇంకా దగ్గరిది. 1558లో సుల్తానైన అలీ ఆదిల్‌షా, రామరాయల కుమారుడు చనిపోయినపుడు కొద్దిపాటి రౌతులతో విజయనగరానికి వచ్చి స్వయంగా పరామర్శించాడు. రామరాయల భార్య ఆయనను కొడుకుగా స్వీకరించింది. సుల్తాను ఒక హిందూ రాణికి పెంపుడు కొడుకు కావడం కన్న దగ్గరితనం రాజ్యాల మధ్య ఏముంటుంది? అయితే సెలవు తీసుకొని వెళ్ళేటపుడు రామరాయలు తనను సాగనంపలేదని అలీ నొచ్చుకున్నాడని కూడా ఫిరిష్తాయే రాశాడు. ఈ చిన్న విషయంలో పెద్ద విషయం దాగి ఉన్నది. ఆ బంధుత్వం ఇద్దరు మనుషుల మర్యాద మీద ఆధారపడింది. మర్యాదలో లోపం జరిగితే దానిని నిలబెట్టడానికి మరేమీ లేదు.

రామరాయలు ఈ బంధాలను పొత్తుగా కాక పైచేయిగా వాడుకున్నాడు. 1552లో అహ్మద్‌నగరుతో చేరి బిజాపూరునుంచి రాయచూరు, ముద్గల్లు తీసుకున్నాడు. కొద్దికాలానికే బిజాపూరుతో చేరి అహ్మద్‌నగరు మీదికి వెళ్ళాడు. నలుగురు ప్రభువులు పరస్పర రక్షణకోసం 1557 ప్రాంతంలో ఒక ఒప్పందానికి వచ్చారని కొందరు చరిత్రకారులు రాశారు. అది ఎంతోకాలం నిలవలేదు. మరుసటి ఏడాదికే యుద్ధం మొదలయింది. ఒకరు మాట తప్పితే విచారించి తీర్పు చెప్పే పెద్ద ఎవరూ లేరు. రామరాయలే ఆ పెద్దరికం వహించాడు. కాని ప్రతి తీర్పులోను ఆయన భాగం ఆయనకు ఉండేది. గోల్కొండనుంచి కోయిలకొండ, పానగల్లు కోటలు ఆ విధంగానే ఆయన పరమయ్యాయి.

వర్తక విషయంలోను ఇదే పోకడ. 1547లో ఆయన గోవాలోని పోర్చుగీసువారితో లిఖితపూర్వకంగా సంధి చేసుకున్నాడు. గోవాకు దిగే గుర్రాలను తనకే అమ్మాలి, బిజాపూరుకు అమ్మరాదు అన్నది అందులో ప్రధానమైన షరతు. సముద్రం దాటి వచ్చినవారితో షరతులు రాసుకొన్న ప్రభువు, గోడకు గోడ ఆనుకొని ఉన్న పొరుగువారితో నిలకడైన ఒడంబడిక చేసుకోలేకపోయాడు.

అహ్మద్‌నగరు యుద్ధానంతరం జరిగిన ఒక ఘటనను పారశీక చరిత్రకారులు చెప్పారు. ఓడిన హుస్సేన్ నిజాంషా సంధికోసం రామరాయల శిబిరానికి వచ్చి చేయి కలిపాడు. వెంటనే నీళ్ళు తెప్పించి ఆ చేయి కడుక్కున్నాడు. అవమానంతో మండిపడిన రామరాయలు తానూ నీళ్ళు తెప్పించి కడుక్కున్నాడు. ఆ రోజు ఇద్దరూ చేతులు కలిపారు, ఇద్దరూ కడుక్కున్నారు. రెండు వైపులా ఉన్న అహంభావానికి ఇంతకంటె గుర్తు అక్కరలేదు.

1564 కూటమి, 1565 యుద్ధం

1564లో సుల్తానులు ఒక్కటయ్యారు. కలిసిన తీరు గమనించదగినది. హుస్సేన్ నిజాంషా కుమార్తె చాంద్‌బీబీని అలీ ఆదిల్‌షాకు ఇచ్చి పెళ్ళిచేశారు. చిరకాలంగా తగవులో ఉన్న షోలాపూరు కోటను కట్నంగా ఇచ్చారు. అలీ చెల్లెలిని హుస్సేన్ కుమారుడు ముర్తజాకు ఇచ్చారు. గోల్కొండ అమాత్యుడు ముస్తఫాఖాన్ అర్దిస్తానీ మధ్యవర్తిగా నడిచాడు. బీరారు మాత్రం ఈ పొత్తులో చేరలేదు. తన సేనాని జహంగీర్ ఖాను హత్యకు అహ్మద్‌నగరే కారణమన్న కోపం దానికి ఉన్నది. మతంకోసం జరిగిన యుద్ధమయితే ఐదుగురిలో ఒకరు ఈ కారణంతో దూరంగా ఉండడం ఎలా సాధ్యం?

అహ్మద్‌నగరు దండయాత్రలో రాయల సైనికులు మసీదులను అవమానించారనీ, ఆ కోపమే సుల్తానులను ఏకం చేసిందనీ ఫిరిష్తా కారణం చెప్పాడు. ఆయన యుద్ధం జరిగిన నలభై ఏళ్ళ పిమ్మట బిజాపూరు ఆదరంలో రాసినవాడు. అటువంటి చర్యలు జరిగి ఉండవచ్చు. కాని ఆ దండయాత్రలో ఆదిల్‌షా సేనలు కూడా రాయల పక్షానే నడిచాయన్న సంగతి ఆ గ్రంథంలోనే ఉన్నది. కోపం వారికి అప్పుడు రాక, కోటలు పోయిన తరువాత రావడం ఆలోచించదగినది.

యుద్ధరంగంలోను మతాల వరుస కుదరదు. రాయల పక్షాన ముస్లిం సేనానులు, సుల్తానుల పక్షాన మరాఠా సర్దారులు పోరాడారు. రాయల సేనలోని ఇద్దరు ముస్లిం సేనానులు పోరు మధ్యలో ఎదురు తిరగడమే ఓటమికి కారణమని 1567లో విజయనగరం చూచిన వెనీసు వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. దీనిని ద్రోహమని చెప్పేవారు, అంతకు ముందు అంతకాలం వారు రాయల ఉప్పు తిని ఆయన పక్షాన పోరాడారన్న సంగతి కూడా చెప్పవలసి ఉన్నది.

రామరాయలు పట్టుబడి శిరచ్ఛేదానికి గురి అయ్యాడు. ఆపైన విజయనగరం నెలల తరబడి దోపిడికి, విధ్వంసానికి గురైంది. దేవాలయాలు కూలాయి. ఇది కాదనరాని చేదు నిజం. యుద్ధానికి కారణం రాజ్యకాంక్ష అని చెప్పినంత మాత్రాన ఆ విధ్వంసం చిన్నది కాబోదు.

పెనుకొండ పాతికేళ్ళు

రామరాయల తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను, మిగిలిన ధనాన్ని తీసుకొని పెనుకొండ చేరాడు. ఇక్కడినుంచి కథ కొత్త మలుపు తిరుగుతుంది. రామరాయల కుమారుడు పినతండ్రి మీద కినిసి సహాయంకోసం వెళ్ళింది మరెవరివద్దకో కాదు, తన తల్లి కొడుకుగా స్వీకరించిన అలీ ఆదిల్‌షా వద్దకే. ఆదిల్‌షా సేన పెనుకొండ వైపు కదిలింది. తిరుమలరాయలు అహ్మద్‌నగరుకు కబురు పంపాడు. హుస్సేన్ 1565లోనే మరణించగా బాలుడైన ముర్తజా తరఫున తల్లి ఖుంజా హుమాయూన్ రాజ్యం నడుపుతున్నది. రామరాయల తల తీయించిన హుస్సేన్ భార్య, రామరాయల తమ్ముని కాపాడడానికి బిజాపూరు మీదికి సేనను నడిపింది. అలీ వెనుదిరిగాడు. ఇది 1567 ప్రాంతపు సంగతి. పెళ్ళిళ్ళతో కట్టిన కూటమికి నిండా మూడేళ్ళు లేవు.

1570 ప్రాంతంలో తిరుమలరాయలు పెనుకొండలో పట్టాభిషిక్తుడై రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు పంచాడు. శ్రీరంగరాయలకు పెనుకొండ, రామరాయలకు శ్రీరంగపట్టణం, వెంకటపతికి చంద్రగిరి దక్కాయి. 1576లో అలీ ఆదిల్‌షా మళ్ళీ వచ్చి పెనుకొండను ముట్టడించాడు. శ్రీరంగరాయలు ఈసారి గోల్కొండను సహాయమడిగాడు. సుమారు మూడు నెలలు ముట్టడి సాగింది. ఆదిల్‌షా పక్షాన ఉన్న ఒక హిందూ సర్దారు కోటవారి సొమ్ముకు లోబడి శిబిరం విడిచి వెళ్ళాడని ఫిరిష్తా రాశాడు. ముట్టడి విఫలమైంది. ముస్లిం ప్రభువు కోటను ముట్టడించగా, దానిని నిలబెట్టింది మరొక ముస్లిం ప్రభువు మైత్రి, ఒక హిందూ సర్దారు ఫిరాయింపు.

ఆ గోల్కొండయే మూడేళ్ళకు ఎదురు తిరిగింది. 1579లో ఇబ్రహీం కుతుబ్‌షా సేన అహోబిలం దాకా వచ్చి దేవాలయాన్ని కొల్లగొట్టింది. ఆ సేనకు నాయకుడు మురహరి రావు అనే బ్రాహ్మణుడు. 1589లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా పెనుకొండను ముట్టడించాడు. వెంకటపతిరాయలు సంధి మాటలతో గడువు సంపాదించి, ఆ గడువులో కోటలోకి ధాన్యం, మనుషులను చేర్చుకున్నాడు. వానకాలం దగ్గర పడింది. కుతుబ్‌షా వెళ్ళిపోయాడు. కోట దక్కినా ఇక్కడ నిశ్చింత లేదని గ్రహించిన రాయలు 1592 ప్రాంతంలో రాజధానిని చంద్రగిరికి మార్చుకున్నాడు. పదిహేడవ శతాబ్ది మధ్యలో పెనుకొండ బిజాపూరు వశమైంది.

ఒడంబడిక లేని పొత్తు

ఈ వృత్తాంతమంతటిలో తేలిన విషయం ఒకటున్నది. పొరుగు రాజ్యం కలవడానికి మతం ఎన్నడూ అడ్డు రాలేదు. ఆశ్రయం, దత్తత, సైనిక సహాయం అన్నీ మత భేదాన్ని దాటి సాగాయి. కొరవడింది నియమం. ఎవరి భూమి ఎంత, తగవు వస్తే తీర్చేదెవరు, మాట తప్పినవారిని ఏం చేయాలి అనే విషయాలలో అందరూ కట్టుబడే ఒడంబడిక లేకపోయింది. బలవంతుడైన రామరాయలు కూటమిలో సభ్యుడుగా కాక యజమానిగా ఉండగోరాడు. సుల్తానులు ఆయనను తమ తగవులలో ఆయుధంగా వాడుకున్నారే తప్ప తమ సరసన కూర్చోబెట్టుకోలేదు.

ఇస్లామీ న్యాయశాస్త్రంలో దీనికి చోటు లేదని చెప్పలేము. దారుల్ ఇస్లాం, దారుల్ హర్బ్ అనే రెండు తరగతులతోపాటు సంధిలో ఉన్న రాజ్యానికి దారుల్ అహద్, లేక దారుస్సుల్‌హ్ అనే మూడవ తరగతిని కొందరు ఫఖీహులు, ముఖ్యంగా షాఫయీ సంప్రదాయంవారు గుర్తించారు. హిజ్రత్ తరువాత మదీనాలో ముస్లింలకు, యూదు తెగలకు మధ్య హక్కులు, బాధ్యతలు లిఖితం చేయబడ్డాయి. ముస్లిమేతరులైన పొరుగువారితో షరతులు రాసుకొని వాటికి కట్టుబడడం ముస్లిం ప్రభువులకు తెలియని మార్గం కాదు. దక్కను సుల్తానులు ఆ మార్గాన్ని ఆశ్రయించలేదు.

రాసుకున్నంత మాత్రాన అన్నీ చక్కబడతాయా అంటే అదీ లేదు. తుర్కియే దేశం 1963లోనే యూరపు ఆర్థిక కూటమితో ఒప్పందం కుదుర్చుకొంది. 1995 చివరికి సుంకాల కూటమిలో చేరింది. 1999లో అభ్యర్థి దేశంగా గుర్తింపు పొంది, 2005లో సభ్యత్వ చర్చలు ప్రారంభించింది. 2018 నాటికి ఆ చర్చలు స్తంభించాయని కూటమి మంత్రుల మండలి ప్రకటించింది. కూటమి విధించిన సుంకాలను పాటించాలి, వాటిని నిర్ణయించే సభలో మాత్రం ఓటు లేదు. వాకిట్లోకి వచ్చినవాడిని లోపలికి పిలవక, వెళ్ళిపొమ్మనక నిలబెట్టడం నేటి కూటములకూ అలవాటే. అయినా తేడా ఉన్నది. షరతులు కాగితం మీద ఉన్నందువల్ల అక్కడి తగవు మాటలతో సాగుతున్నది. పెనుకొండకు ఆ భాగ్యం లేదు. అక్కడ ప్రతి తగవూ ముట్టడిగానే మారింది.

ఫలితం అందరూ అనుభవించారు. బీరారును 1574లో అహ్మద్‌నగరు మింగింది. బీదరును 1619లో బిజాపూరు మింగింది. కూటమికి కట్టిన పెళ్ళితాడు వంటి చాంద్‌బీబీ, వితంతువై పుట్టింటికి చేరి, మొగలు సేనలనుంచి అహ్మద్‌నగరును కాపాడబోయి 1600లో తనవారి చేతులలోనే హతమైంది. 1636లో ఆ రాజ్యమూ అంతరించింది. రాయల వంశంలో మూడవ శ్రీరంగరాయలు బిజాపూరు, గోల్కొండల ఒత్తిడికి తాళలేక దక్కనులో సుబేదారుగా ఉన్న ఔరంగజేబుకు మొరపెట్టుకొన్నాడు. సామంతుడుగా ఉంటాననీ, అవసరమైతే ఇస్లాం స్వీకరిస్తాననీ కబురు పంపాడు. ఆ మొర ఫలించలేదు. పొరుగు రాయల రాజ్యాన్ని పంచుకున్న బిజాపూరు 1686లో, గోల్కొండ 1687లో ఆ ఔరంగజేబుకే లోబడ్డాయి.

రాజులు కట్టిన పొత్తులన్నీ ఇలా ముగిసినా, ఈ సీమలో మరొక పొత్తు నిలిచి ఉన్నది. సీస్తాను రాజ్యం విడిచి వచ్చి, తిరుచిరాపల్లి నత్తర్ వలీ శిష్యరికం చేసి పెనుకొండలో స్థిరపడ్డారని సంప్రదాయం చెప్పే హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ దర్గాను ఈ ప్రాంతంవారు బాబయ్య దర్గా అంటారు. దూదేకులవారికి అది గురుపీఠం వంటిది. ఉరుసుకు హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు. బాబయ్య, ఫకీరప్ప అనే పేర్లు రాయలసీమలో హిందువుల ఇళ్ళలోను వినిపిస్తాయి. 1565 పేరు చెప్పి పొరుగువానిని అనుమానించమనేవారికి ఈ సీమ చరిత్ర సాక్ష్యం చెప్పదు. పెనుకొండ మీదికి వచ్చిన సేనలలో రెండు మతాలవారూ ఉన్నారు, కోటను కాపాడినవారిలోను రెండు మతాలవారూ ఉన్నారు. ఆ చరిత్రకు వారసులు ఏ ఒక్కరూ కాదు, పెన్నకు ఈ గట్టునా ఆ గట్టునా కలిసి బ్రతుకుతున్న అందరూ.